రంగుచేప కొనేముందు నీళ్లు చూసుకోవాలి

శంషాబాద్: మృగశిర కార్తె వచ్చిందంటే ఈ ప్రాంతంలో చేపల కూర వండని ఇల్లు అరుదు. కొర్రమీను, రవ్వ, బొచ్చె, బంగారుతీగ అంటే పిల్లలకు కూడా తెలుసు. కానీ వండుకోవడానికి కాక చూసుకోవడానికి చేపను పెంచడం పల్లెలకు కొత్త ముచ్చటే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన తర్వాత నగరం ఇటువైపు పాకింది. దానితోపాటు గాజు తొట్టెల్లో రంగురంగుల చేపలు అమ్మే దుకాణాలూ దగ్గరకు వచ్చాయి. మెహదీపట్నం నుంచి విమానాశ్రయం వైపు వచ్చే దారిలో, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 235వ స్తంభం దగ్గర చేప ఆకారంలో కట్టిన పెద్ద భవనం కనిపిస్తుంది. అది 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం. తినే చేపలతోపాటు అలంకార చేపల పెంపకాన్ని ప్రోత్సహించడం కూడా ఆ బోర్డు పనుల్లో ఒకటి.

పిల్లలు మారాం చేస్తే తండ్రి ఒక చిన్న గాజు తొట్టె, నాలుగు రంగుచేపలు కొనుక్కొస్తాడు. వారం తిరగకముందే ఒక్కొక్కటే వెల్లకిలా తేలుతుంది. దిష్టి తగిలిందని ఒకరు, తమ చెయ్యి మంచిది కాదని మరొకరు సరిపెట్టుకుంటారు. దిష్టీ కాదు, చెయ్యీ కాదు. చాలా ఇళ్లలో కారణాలు మూడే. ఇంట్లో ఉన్న నీళ్లకు సరిపడని చేపను తేవడం, చిన్న తొట్టెలో ఎక్కువ చేపలు వేయడం, తొట్టె సిద్ధం కాకముందే చేపలను వదలడం. ఈ మూడింటినీ తప్పించుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కొనే ముందు కాస్త ఆలోచన ఉంటే చాలు.

ఇంట్లో ఏ నీళ్లున్నాయి?

భూమికి తగిన పంట వేసినట్టే నీటికి తగిన చేపను ఎంచుకోవాలి. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గరుకు నీళ్లు. వాటిలో సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అందుకే ఆ నీళ్లలో పప్పు తొందరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. పరీక్షకు ప్రయోగశాల దాకా పోనక్కరలేదు. వంటింట్లోనే సంగతి తెలిసిపోతుంది.

ఇలాంటి నీళ్లు కొన్ని రంగుచేపలకు పడవు. మరికొన్నింటికి మాత్రం ఇవే ఇష్టం. గప్పీ, ప్లాటీ, మోలీ అనే మూడు రకాలు గరుకు నీటిలో హాయిగా బతుకుతాయి. మంచి నీళ్లయితే చేపకు ఇంకా మంచిదనుకొని కొందరు 20 లీటర్ల క్యానులో వచ్చే ఫిల్టరు నీళ్లు కొని పోస్తారు. అందులో లవణాలను చాలావరకు తీసేసి ఉంటారు. ఈ మూడు రకాలకు ఆ నీళ్లకంటే బోరు నీళ్లే నయం. డబ్బూ మిగులుతుంది.

నల్లా నీళ్లయితే మరో జాగ్రత్త కావాలి. వాటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనిషికి అది మేలే గాని చేప మొప్పలకు మంట. నల్లా నీళ్లను వెడల్పాటి తొట్టిలో మూత వేయకుండా ఒక పగలు, ఒక రాత్రి నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే చేపల దుకాణాల్లో దొరికే హైపో పలుకులను చెప్పిన కొలత ప్రకారం కలపవచ్చు. బోరు నీళ్లను కూడా తోడిన వెంటనే పోయకూడదు. ఒక రాత్రి నిలవ ఉంచితే గాలి పట్టి, గది వేడికి వస్తాయి.

మొదటి చేప గప్పీ

కొత్తగా మొదలుపెట్టేవారికి గప్పీని మించిన చేప లేదు. వెడల్పాటి తోకతో, ఎరుపు, నీలం, పసుపు, నలుపు రంగుల్లో దొరుకుతుంది. ధర తక్కువ. మగచేప చిటికెన వేలిలో సగం ఉంటుంది. ఇది దక్షిణ అమెరికా ఉత్తర తీరానికి, ట్రినిడాడ్ దీవికి చెందినది. 1860లలో దీని నమూనాలను ట్రినిడాడ్ నుంచి లండన్ బ్రిటిష్ మ్యూజియానికి పంపిన రాబర్ట్ గప్పీ పేరే దీనికి స్థిరపడింది.

గప్పీకి దోమ పిల్లలంటే ప్రాణం. నిలవ నీటిలో తోక ఊపుతూ ఎగిరెగిరి పడే పురుగులే దోమ పిల్లలు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే. ఆ భవనం బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గరలో నేటికీ ఉంది. దోమల నివారణకు ఆరోగ్యశాఖ వారు వాడే చేపల్లో గంబూసియాతోపాటు గప్పీ కూడా ఒకటి. ఇంటి ముందర తామరపూల తొట్టి ఉంటే అందులో నాలుగు గప్పీలు వేస్తే చాలు, దోమలు గుడ్లు పెట్టినా పిల్లలు బతకవు.

కొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సుమారు నెలకొక ఈత. ఒక్కో ఈతకు ఇరవై, ముప్పయి, ఒక్కోసారి అంతకు మించి పిల్లలు. ఒకసారి మగచేపతో కలిసిన ఆడచేప తర్వాత కొన్ని నెలలపాటు మగచేప లేకుండానే ఈనగలదు. అందుచేత చిన్న తొట్టె ఉన్నవారు మగచేపలు మాత్రమే కొనాలి. గుర్తుపట్టడం సులువు. మగచేప చిన్నది, రంగు, తోక దానివే. ఆడచేప పెద్దది, బూడిద రంగు, పొట్ట లావు. రెండూ కావాలనుకుంటే ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల చొప్పున తీసుకోవాలి. లేకుంటే మగచేపలు తరిమి తరిమి ఆడచేపను అలసగొడతాయి.

ప్లాటీ, మోలీ కూడా ఇదే కోవలోవి. రెండూ మెక్సికో, మధ్య అమెరికా నీళ్లవి. ప్లాటీ బొద్దుగా, ఎర్రగా, నారింజ రంగులో ఉంటుంది. దేనితోనూ తగువు పెట్టుకోదు. నల్ల మోలీ కాటుక ముద్దలా ఉండి పచ్చటి మొక్కల మధ్య చక్కగా కనిపిస్తుంది. అయితే మోలీ 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కనుక రెండడుగులకు తక్కువ తొట్టెలో వేయరాదు.

చలికి తట్టుకునే జీబ్రా చేప

పరదేశపు చేపలే అందమైనవనుకోవడం పొరపాటు. నీలం, బంగారు చారలతో పరకంత ఉండే జీబ్రా చేప మన దేశపుదే. ఉత్తర, తూర్పు భారతంలోని వాగులు, వరి మడులు దీని పుట్టిల్లు. గంగానది చేపలపై ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ప్రపంచమంతటా వైద్య పరిశోధనలకు నేడు ఈ చేపను వాడుతున్నారు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సరిజోడు జన్యువులు ఈ చేపలో ఉన్నాయని 2013లో తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో కూడా వీటిపై పరిశోధన జరుగుతోంది.

ఇంటికి దీనివల్ల కలిసొచ్చేది ఇంకొకటి ఉంది. శంషాబాద్ చుట్టుపక్కల డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి గట్టిగా ఉంటుంది. వేడి దేశాల చేపలు ఆ చలికి ముడుచుకుపోతాయి. జీబ్రా చేప 18 డిగ్రీల నీటిలో కూడా చురుకుగా తిరుగుతుంది. ఇది గుంపు చేప. ఒకటీ రెండూ తెస్తే బెదిరిపోతుంది. ఆరింటికి తగ్గకుండా తేవాలి. ఎగిరి బయట పడే అలవాటుంది కాబట్టి తొట్టెకు మూత తప్పదు. పొడుగు తోకల గప్పీలతో కాక ప్లాటీలతో కలిపి ఉంచితే మంచిది. లేకుంటే వాటి తోకలు కొరుకుతుంది.

ఒంటరి వీరుడు ఫైటర్

దుకాణంలో చిన్న సీసాల్లో ఒక్కొక్కటిగా పెట్టి అమ్మే చేప ఫైటర్. ఇది థాయ్‌లాండ్ దేశపుది. ఆ దేశం 2019లో దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. సీసాలో బతుకుతోంది కదా అని ఇంట్లో కూడా సీసాలోనే ఉంచుతారు. అది ఎలా బతుకుతోందో మన కొర్రమీనును చూస్తే తెలుస్తుంది. చెరువు ఎండి బురద మిగిలినా కొర్రమీను చావదు. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. ఫైటర్‌కు కూడా తలలో అలాంటి ఏర్పాటు ఉంది. అంటే సీసాలో అది చావక ఉంటోందే తప్ప సుఖంగా లేదు. దానికి కనీసం 15 లీటర్ల నీళ్లు, ఒక మొక్క, దాక్కోవడానికి ఒక చిన్న కుండపెంకు ఉంటే రెండు మూడేళ్లు అందంగా బతుకుతుంది. ఒక తొట్టెకు ఒక్కటే మగచేప. రెండో దాన్ని వేస్తే పోట్లాట ఒకదాని చావుతో గాని తీరదు. గప్పీ పొడుగు తోక చూసినా పగవాడనుకొని మీద పడుతుంది.

బంగారుతీగను గిన్నెలో పెంచుతామా?

అందరూ మొదట అడిగేది గోల్డ్ ఫిష్. గుండ్రటి గాజు గిన్నెలో ఎర్రటి చేప బొమ్మల్లో బాగుంటుంది. కానీ గోల్డ్ ఫిష్ ఎవరి చుట్టమో తెలిస్తే ఎవరూ గిన్నెలో పెట్టరు. వెయ్యేళ్ల కిందట చైనాలో ఒక కార్పు జాతి చేప నుంచి దీన్ని తీర్చిదిద్దారు. మన చెరువుల్లో పెరిగే బంగారుతీగకు ఇది దగ్గరి బంధువు. సరైన చోట పెంచితే జానెడు పొడవు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. తిండి ఎక్కువ, విసర్జన ఎక్కువ. గిన్నెలో నీళ్లు రెండు రోజుల్లోనే విషమవుతాయి. కనీసం మూడడుగుల తొట్టె, మంచి ఫిల్టరు లేనివారు గోల్డ్ ఫిష్ జోలికి పోకపోవడమే మేలు.

మరికొన్నింటిని కూడా మొదటి ఏడాది దూరంగా ఉంచాలి. ఎరుపు, నీలం గీతలతో మెరిసే నియాన్ టెట్రా అమెజాన్ నది మెత్తటి నీళ్ల చేప. మన బోరు నీళ్లు దానికి పడవు. ఏంజెల్ చేప చిన్నప్పుడు నెమ్మది, పెరిగాక గప్పీలను మింగుతుంది. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. వాస్తు పేరిట, అదృష్టం పేరిట వేల రూపాయలకు అమ్మే అరోవానాకు గది పొడుగు తొట్టె కావాలి. పెట్టలేనివాడి ఇంట్లో చేపకూ సుఖముండదు, యజమానికీ మనశ్శాంతి ఉండదు.

కొన్ని చేపలకు సూదితో రంగు ఎక్కించి, లేదా రంగులో ముంచి అమ్ముతారు. పారదర్శకంగా ఉండే గాజు చేపల ఒంటిపై గులాబీ, ఆకుపచ్చ గీతలు కనిపిస్తే అది పుట్టుకతో వచ్చిన రంగు కాదని గ్రహించాలి. ఆ రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఆ హింసకు చాలా చేపలు అంతకు ముందే చస్తాయి.

తొట్టె ఎంత, చేపలెన్ని?

చిన్న తొట్టె అయితే సులువని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. నీళ్లు తక్కువైనకొద్దీ అవి తొందరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె మొదలుపెట్టడానికి సరైనది. నిండా పోస్తే అందులో సుమారు 56 లీటర్లు పడతాయి. అంటే నీళ్ల బరువే 56 కిలోలు. గాజు, గులకరాళ్ల బరువు అదనం. బల్ల గట్టిదై ఉండాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెట్టరాదు. వేసవిలో నీళ్లు కాగుతాయి, పాచి పడుతుంది.

ఇలాంటి తొట్టెకు ఎనిమిది మగ గప్పీలు, లేదా ఆరు జీబ్రా చేపలు, మూడు ప్లాటీలు చాలు. ఇంకా చోటుంది కదా అని వేయకూడదు. కరెంటు పోయి గాలి మోటారు ఆగినప్పుడు తేడా తెలుస్తుంది. చేపలు తక్కువున్న తొట్టెలో రాత్రంతా కరెంటు లేకపోయినా నష్టం ఉండదు. కిక్కిరిసిన తొట్టెలో తెల్లారేసరికి సగం తేలుతాయి.

పాలకు తోడు, తొట్టెకు పాత స్పాంజి

కొత్త తొట్టె కొన్న రోజే చేపలు తేవడం అన్నింటికంటే పెద్ద తప్పు. చేప విసర్జన, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. బోరు నీళ్లలా క్షారగుణం ఉన్న నీటిలో దాని విషం మరింత పెరుగుతుంది. ప్రకృతిలో దీనికి విరుగుడు ఉంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో ఉండవు. అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పాలు తోడుకోవడానికి పాత పెరుగు చుక్క వేసినట్టే, ఆరోగ్యమైన పాత తొట్టెలోని ఫిల్టరు స్పాంజి ముక్కను తెచ్చి కొత్త ఫిల్టరులో పెడితే ఈ పని తొందరగా జరుగుతుంది. తొట్టె నింపి, ఫిల్టరు నడిపిస్తూ, మొక్కలు నాటి కొన్నాళ్లు ఆగాలి. ఆ తర్వాత మూడు నాలుగు చేపలు మాత్రం వేయాలి. మరో రెండు మూడు వారాలకు మిగిలినవి తేవాలి. స్పాంజిని నల్లా కింద కడిగితే క్లోరిన్‌కు సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

కొనేటప్పుడు, తెచ్చేటప్పుడు

దుకాణంలో రంగు చూడకముందు నడక చూడాలి. రెక్కలు విప్పుకొని చురుకుగా తిరిగే చేప మంచిది. మూల నక్కినది, రెక్కలు ముడుచుకున్నది, ఒంటిపై ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నది, నీళ్లపైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడేది కొనరాదు. ఒకే తొట్టెలో ఒక చచ్చిన చేప కనిపించినా మిగిలినవి తీసుకోకూడదు.

సంచిని ఎండ తగలకుండా తేవాలి. ఇంటికి రాగానే చేపను తొట్టెలో గుమ్మరించరాదు. మూతి విప్పని సంచిని పావుగంటపాటు తొట్టె నీళ్లపై తేలనిస్తే రెండు నీళ్ల వేడి సమానమవుతుంది. తర్వాత సంచి మూతి విప్పి, తొట్టె నీళ్లను గ్లాసు గ్లాసుగా అరగంటపాటు సంచిలో పోయాలి. చివరకు చేపను వలతో తీసి తొట్టెలో వదిలి, సంచి నీళ్లు పారబోయాలి.

మేత పూటకు చిటికెడు, రోజుకు రెండు పూటలు. రెండు నిమిషాల్లో తిన్నంతే వేయాలి. అన్నం మెతుకులు, మరమరాలు వేయరాదు. వారానికి ఒకరోజు పస్తుంచినా చేపకు మేలే. వారానికొకసారి నాలుగో వంతు నీళ్లు తీసి, నిలవ ఉంచిన కొత్త నీళ్లు పోయాలి. తీసిన నీళ్లను పారబోయకుండా పూల మొక్కలకు, ఆకుకూర మడికి పోస్తే వాటిలోని నైట్రేట్ మంచి ఎరువు.

పెరటిలో పెంపకం

పెంపకం బాగా చేతికొచ్చాక ఇది చిన్న ఆదాయమార్గం కూడా కాగలదు. చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా పరిసరాల్లో ఎన్నో కుటుంబాలు రంగుచేపల పెంపకంతో బతుకుతున్నాయి. కేంద్రం 2020లో ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయం నిర్ణయించారు. అందులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సాయం ఉండేలా నిబంధనలు పెట్టారు. ఆసక్తి ఉన్నవారు ప్రస్తుత నిబంధనలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. అయితే ఒక తొట్టెను ఏడాదిపాటు నడిపి అనుభవం గడించిన తర్వాతే పెట్టుబడి పెట్టడం మంచిది.

చెరువులో వదలరాదు

పెంచలేకపోతే చెరువులో వదిలేద్దాం, పుణ్యం కదా అనుకునేవారున్నారు. అది పుణ్యం కాదు, బెస్తవారి నోటికాడి కూడు తీయడమే. తొట్టె పాచి తింటుందని సక్కర్ అనే చేపను అమ్ముతారు. దక్షిణ అమెరికా చేప. కొన్నప్పుడు వేలెడంత, పెరిగితే మూరెడు. తొట్టెకు పట్టక తెచ్చి చెరువుల్లో, వాగుల్లో వదలడంతో రెండు తెలుగు రాష్ట్రాల్లో అది పాకింది. దాన్నే నేడు దెయ్యం చేప అని పిలుస్తున్నారు. ఒళ్లంతా కవచంలాంటి పొలుసులు, ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, కోసి తినడానికీ పనికిరాదని పారేస్తారు. ఒడ్డులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది గనుక కట్టలకూ చేటే. ఇదే విమానాశ్రయం దారిలో అత్తాపూర్ వద్ద, 162వ స్తంభం దగ్గరున్న సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్ఏను బట్టి ఈ చేప జాడ కనిపెట్టే పరీక్షను రూపొందించారు. తూర్పు కనుమల ప్రాంతంలో పరిశీలించిన నీటివనరుల్లో సగానికి పైగా అది చేరినట్టు గుర్తించారు.

మన చెరువులు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకే పోతాయి. ఒక ఊళ్లో వదిలిన చేప వానకాలం దాటేసరికి నాలుగు ఊళ్ల చెరువుల్లో ఉంటుంది. దాన్ని తిరిగి ఏరివేయడం ఎవరి తరమూ కాదు. సక్కర్ మాత్రమే కాదు, గప్పీతో సహా ఏ రంగుచేపనూ చెరువులో, వాగులో, బావిలో వదలరాదు. పెంచలేనివారు కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి, లేదా పెంచగలిగిన మరొకరికి ఇవ్వాలి. తొట్టె కొనే రోజే ఈ సంగతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి.